కోనసీమలో వికలాంగశిశువుల చదువు

సంక్రాంతికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు నలుగురు వాకిట కూర్చున్నపుడు ముందుగా వచ్చు ముచ్చట పిల్లల చదువు. ఎవరి బిడ్డ యే తరగతిలో నున్నాడు, ఎన్ని మార్కులు తెచ్చుకొన్నాడు, ఏ బడిలో బాగుగా చెప్పుచున్నారు అను ప్రసంగము సాగుచుండగా, ఆ నలుగురిలో నొకతె మాటాడక పూలు గుచ్చుకొనుచుండుట మనము గమనింపము. ఆమె బిడ్డకు వినబడదు. లేదా నడక రాలేదు. లేదా బుద్ధి వయసుతోపాటు పెరుగలేదు. ఆ బిడ్డను గూర్చి యడుగుట మర్యాద కాదని మనమును, చెప్పుకొనుట నామోషీ యని ఆమెయు ఊరకుందుము. ఈ మౌనమువలన నెంత నష్టము కలుగుచున్నదో చెప్పుటకే మే మీ వ్యాసమును వ్రాయబూనితిమి. ఆ బిడ్డకు చదువును చట్టమే యొక హక్కుగా నిచ్చియున్నది. చదువునకు వలయు సాధనములు, చెప్పెడి యుపాధ్యాయులు, దారిఖర్చు, ఇవికూడ కొంతవరకు ఏర్పడియున్నవి. తెలియక యడుగని యిండ్లే యెక్కువ.

మొదట పేరును గూర్చి యొక మాట. మన పెద్దలు లోపమునే పేరుగా పెట్టి పిలిచెడివారు. ఇప్పటికిని కొన్ని యూళ్లలో తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగుపడి ఆ మాటయే నిలిచిపోవుట చూచుచున్నాము. ప్రభుత్వ కాగితములలో మాత్రము వికలాంగులనియు, విభిన్న ప్రతిభావంతులనియు, దివ్యాంగులనియు, ప్రత్యేకావసరములు గల పిల్లలనియు పేరు మారుచు వచ్చినది. కాగితముమీది పేరు మారినంత మాత్రమున బడితలుపు తెరచుకొనదు. కాని ఇంటిలోను వీథిలోను బిడ్డను పెట్టినపేరుతో పిలుచుట కానియైనను ఖర్చులేని పని.

ఈ దేశమున నిట్టి పిల్లలకు బడులు పెట్టుట నిన్న మొన్నటి సంగతి కాదు. బొంబాయిలో 1885లో బధిరుల పాఠశాలయు, అమృతసరమున 1887లో అంధుల పాఠశాలయు వెలసినవి. దక్షిణమున తిరునల్వేలి దగ్గఱ పాళయంకోటలో 1890లో అంధుల బడి మొదలైనది. ఇవన్నియు ధర్మబుద్ధిగలవారు నడిపిన ప్రత్యేక పాఠశాలలు. బిడ్డ చదువుకొనవలె నన్నచో ఇల్లు విడిచి దూరదేశము పోవలసి యుండెను. ఏ కొద్దిమందికో తప్ప అది సాధ్యము కాదు గదా. అంధుల లిపియైన బ్రెయిలీకూడ అప్పటిలో ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క తీరుగా నుండెడిది. 1951లో భారతీయ భాషల కన్నిటికిని ఒకే తీరు గల భారతీ బ్రెయిలీ యేర్పడినపిదప తెలుగక్షరములకును స్థిరమైన గుర్తులు వచ్చినవి.

ఈ లిపి మన చదువరులకు వింతగా తోచవచ్చును గాని, చుక్కలముగ్గు వేయు చేతికి దీని మర్మము తెలియుట కష్టము కాదు. నిలువున మూడు, అడ్డమున రెండు, వెరసి యాఱు చుక్కలు గల చిన్న గడి యొకటి. ఆ యాఱింటిలో ఏవి యుబ్బెత్తుగా నున్నవో దానినిబట్టి అక్షరము. వ్రేలికొనతో తడిమి చదువుదురు. మన వ్రాతలో గుణింతపు గుర్తులు మీదికిని, ఒత్తులు క్రిందికిని పోవును గదా. బ్రెయిలీలో నట్లుగాక అన్నియు వరుసగా ప్రక్కప్రక్కనే వచ్చును. ఒకవిధముగా చూచిన మన పసివారు పలకమీద దిద్దు ఒత్తులకన్న నిది తేలిక యని మాకు తోచుచున్నది.

ప్రత్యేకమైన బడులు ప్రత్యేకముగా నుండగా, లోపముగల బిడ్డయు తన యీడు పిల్లలతో కలిసి తన యూరి బడిలోనే చదువవలె ననెడి భావము తరువాత బలపడినది. 1994లో స్పెయిను దేశమందలి సలమాంకా పట్టణమున అనేక దేశములవారు కూడి యీ తీరుననే బడులు నడుపవలెనని తీర్మానించిరి. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల యొడంబడికను ఆమోదింపగా, మన దేశము 2007లో దాని కంగీకారము తెలిపెను. ఇక మన చట్టము లెట్లున్నవో చూతము.

1995 నాటి చట్టమున ఏడు తెఱగుల లోపములను మాత్రమే లెక్కించిరి. 2016 డిసెంబరులో వచ్చి 2017 ఏప్రిలు 19 నుండి అమలునకు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 తెఱగులను గుర్తించినది. చూపు, వినికిడి, కాలుసేతుల లోపములేగాక, ఆటిజము, మస్తిష్కపక్షవాతము, బుద్ధిమాంద్యము, అక్షరములు తారుమారుగా తోచు అభ్యసనలోపము, తలసీమియా, కొడవలికణ వ్యాధి మొదలైనవికూడ ఇందు చేరినవి. ఇది తల్లులు ముఖ్యముగా నెఱుగవలసిన విషయము. "మావాడు చక్కగా నడచును, మాటాడును, వానికి లోపమేమి? బద్ధకము గాని" యని దెబ్బలు తిను పిల్లలలో అక్షరములే నిలుకడగా కనబడని వారుందురు. వారికిని చట్టమున చోటున్నది.

ఈ చట్టము ప్రకారము లోపము నూటికి నలుబది పాళ్లకు తక్కువగాక యున్నదని వైద్యులు నిర్ణయించిన ప్రతి బిడ్డకును, 6 మొదలు 18 ఏండ్ల వఱకు ఉచితముగా చదువుకొను హక్కు కలదు. అందఱి పిల్లలకు నిర్బంధవిద్య 14 ఏండ్లతో ముగియుచుండగా, వీరికి నాలుగేండ్లు హెచ్చుగా నిచ్చిరి. ఊరిబడిలో చదువవలెనా, ప్రత్యేకపాఠశాలలో చదువవలెనా యనునది ఇంటివారు కోరుకొనవచ్చును. 18 ఏండ్లవఱకు పుస్తకములును, ఉపకరణములును ఉచితముగా నీయవలెను. పరీక్షలలో హెచ్చుకాలమును, వ్రాయలేని వారికి వ్రాయసకానిని, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపును ఈయవలెను. ప్రభుత్వపు ఉన్నతవిద్యాలయములలో నూటి కైదు చోట్లు వీరికై విడువవలెను. వయసులో నైదేండ్లు సడలింపు కలదు. లోపమున్నదను కారణముచేత బిడ్డను చేర్చుకొనమని యే ప్రధానోపాధ్యాయుడును చెప్పరాదు. చెప్పినచో "ఆ మాట కాగితముమీద వ్రాసి యిండు" అని నెమ్మదిగా నడుగుడు. చాలచోట్ల ఆ యొక్కమాటతోనే ప్రవేశము లభించును.

2009 నాటి విద్యాహక్కు చట్టమునకు 2012లో జరిగిన సవరణవలన మఱి రెండు మేళ్లు కలిగినవి. తీవ్రమైన లోపముచేత గాని, ఒకటికి మించిన లోపములచేత గాని బడికి రాలేని బిడ్డకు ఇంటికడనే చదువు చెప్పించుకొను హక్కు వచ్చినది. ప్రైవేటు బడులలో ఒకటవ తరగతియందు బీదలకును వెనుకబడిన వర్గములకును విడువవలసిన నూటికి 25 చోట్లలో వికలాంగశిశువులకును భాగము కలిగినది.

ఇక మన కోనసీమ మాట. 2022 ఏప్రిలు 4వ తేదీవఱకు మనది తూర్పు గోదావరి జిల్లాలోని భాగము. కలెక్టరు కచేరి కాకినాడలో. రాజోలు ప్రక్క పల్లెనుండి చంక బిడ్డతో కాకినాడ పోయి రావలెనన్న ఒక దిన మంతయు గడచెడిది, ఆ పైన చూడవలసిన దొర లేడన్నచో మఱునాటికి బస. నేడు అమలాపురమే జిల్లాకు ముఖ్యపట్టణము. కొత్తపేటయు రెవిన్యూ డివిజనైనది. ఈ యొక్క మార్పువలన ఎందఱు తల్లుల నడుము నొప్పి తగ్గినదో లెక్క వ్రాసినవారు లేరు. కాని దూరము తగ్గినను దారి తగ్గలేదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయముల నడుమ పుట్టిన సీమ మనది. ఊరికిని ఊరికిని నడుమ కాలువ, కాలువమీద ఇఱుకు వంతెన, వంతెన దిగిన తోడనే కొబ్బరితోటలో బురదబాట. గోదావరి పొంగినప్పుడు పి. గన్నవరము మండలములోని బూరుగులంక, ఊడిమూడిలంక వంటి లంకలకు పడవయే దారి. రెండు కాళ్లు చక్కగానున్న పిల్లలకే ఆ దినములలో బడి పడిపోవును. చక్రముల కుర్చీలోని బిడ్డకు సంగతి చెప్పనేల?

మండలమునకు ఒక్కొక్కటిగా మన రాష్ట్రమున భవిత కేంద్రములను పేర వనరుల కేంద్రము లున్నవి. కేంద్రరాష్ట్ర ప్రభుత్వములు కలిసి నడుపు సమగ్ర శిక్ష పథకమున నివి భాగము. సాధారణముగా ఏదో యొక ప్రభుత్వ పాఠశాల ఆవరణలోనే ఒకటి రెండు గదులు. ప్రత్యేకవిద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులందుందురు. నడక నేర్పుటకు సమాంతరముగా నున్న కడ్డీలు, రంగుపూసలు, చెక్కముక్కలు, అద్దము మొదలైన వస్తువులుండును. వ్యాయామచికిత్స చేయువారు నియమితదినములలో వత్తురు. ఇక్కడ నేర్పునది అక్షరములే యనుకొనరాదు. బొత్తాము పెట్టుకొనుట, పండ్లు తోముకొనుట, ముద్ద కలుపుకొనుట, పాయిఖానాకు పోవలెనని సైగచేయుట, ఇవియే తొలి పాఠములు. కొంత సిద్ధమైన బిడ్డను ఊరిబడికి పంపుదురు. కదలలేని బిడ్డల యిండ్లకు వారమున కొకనాడు ఉపాధ్యాయులే వచ్చి చూచుట యేర్పాటు.

గత వర్షకాలమున మేమొక లంకరేవున పడవకై వేచియుంటిమి. పదునొకండేండ్ల బాలుని భుజముమీద వేసికొని యొక తల్లి రేవు దిగివచ్చినది. బిడ్డకు మెడ నిలువదు, కాళ్లు కత్తెరవలె ముడిపడియున్నవి. చేతిసంచిలో తువాలు, మంచినీళ్ల సీసా, పెరుగన్నపు గిన్నె. ఎక్కడికని యడుగగా భవితకని చెప్పినది. పడవ దిగి ఆటో, ఆటో దిగి మఱి కొంత నడక. అంత కష్టపడి పోయిన ఫలమేమని మాలో నొకరు అడుగరాని ప్రశ్న నడిగిరి. ఆమె కోపపడలేదు. "ఆయ్, పోయినేడు వీడు సెంచా పట్టుకోలేకపోయేవోడండీ. ఇప్పుడు పట్టుకుంటన్నాడు. నోటికాడికి తెచ్చుకుంటన్నాడు అమ్మగారూ" అన్నది. వారమునకు రెండుమాఱులు తీసికొనిపోవలసినదే గాని, కూలి పోవుచుండుటచే ఒక్కమాఱే వీలగుచున్నదట. రాకపోకలకును, వెంట వచ్చువారికిని భత్యము ప్రభుత్వము నిచ్చునన్న సంగతి ఆమెకు తెలిసియేయున్నది. అది ఆమె ఖాతాలో పడుటకు మాసములు జరుగునని కూడ తెలిసినది. కూలిడబ్బు నేడు పోవును, భత్యము ఎప్పటికో వచ్చును. ఈ రెంటి నడుమ నున్న యెడము పూడ్చవలసినది తల్లి కాదు. ఏలెడివారు ఈ యొక్క లోపమును దిద్దిరేని లంకల బిడ్డలు సగము బాగుపడుదురని మా యభిప్రాయము.

సాహాయ్యమంతటికిని తాళపుచెవి వంటిది వైద్యుల ధ్రువపత్రము. దీనిని మన రాష్ట్రమున సదరము పత్రమందురు. గ్రామ సచివాలయమున గాని మీసేవలో గాని పేరు వ్రాయించి దినమును నిర్ణయించుకొని, ఆ దినమున ప్రభుత్వాసుపత్రికి బిడ్డను తీసికొనిపోవలెను. వైద్యులు పరీక్షించి లోపమెంత పాలో వ్రాసి యిత్తురు. దేశమంతట చెల్లుబాటగు యూడీఐడీ యను విశిష్ట గుర్తింపు కార్డు దీనితో ముడిపడియున్నది. ఇది వినుటకు సులభము. మే మెఱిగిన యొక తల్లి చెవివైద్యుడు లేని దినమున పోయి ఒకమాఱును, యంత్రము పాడైనదని ఒకమాఱును తిరిగి వచ్చినది. మూడవమాఱు గాని పని జరుగలేదు. కావున బయలుదేరుటకు ముందే బిడ్డ లోపమునకు సంబంధించిన వైద్యుడే ఆనా డుండునా యని సచివాలయమునందే గట్టిగా అడిగి తెలిసికొనుడు. పాత వైద్యుల చీటీలన్నియు వెంట నుండవలెను. పసిబిడ్డల లోపము పెరుగుటయు తగ్గుటయు కలదు గనుక కొందఱికి తాత్కాలికపత్రము నిత్తురు. గడువు తీరకమునుపే మరల పరీక్షకు పోవలెను.

ఇక్కడ నొక వింత చెప్పవలసియున్నది. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వికలాంగుల పింఛను మాసమునకు 6000 రూపాయలు. మంచమునుండి లేవలేని వారికి 15000. ఈ డబ్బు బీదయింటికి చిన్నది కాదు. దీనికై సదరము పత్రము తెచ్చుకొనని యిల్లు లేదనియే చెప్పవచ్చును. కాని ఆ పత్రమునే చేతబట్టుకొని బడికి పోయి "మా బిడ్డకు పుస్తకము లేవి? యంత్రమేది? ఉపాధ్యాయుడేడి?" అని యడిగిన యిండ్లెన్ని? పింఛను వచ్చుచున్నది గదా, చదువెందులకు అను మాట చదువుకొన్నవారి నోటకూడ మేము వింటిమి. మఱి కొందఱు బిడ్డకు కొంచెము నడక వచ్చినచో పింఛను పోవునేమో యని చికిత్సకే వెనుదీయుదురు. బీదతనము ఆడించెడి మాట యిది, తప్పు పట్టలేము. ఐనను పదిరెండేండ్ల వయసున మూలబడిన బిడ్డ ముప్పది యేండ్లకును అచ్చటనే యుండును. అప్పటికి ఎత్తి దింపు తల్లి నడుమెట్లుండునో యోచింపవలెను.

బడి మూలముగా వచ్చు సాహాయ్యములు చిన్నవి గాని పెక్కు. ఒకటి మొదలు పండ్రెండవ తరగతివఱకు చదువు వికలాంగబాలికలకు మాసమునకు 200 చొప్పున పదిమాసములకు 2000 రూపాయల ఉపకారవేతనము కలదు. ఇది బాలికలకే, ఇందలి ఉద్దేశము చెప్పకయే తెలియును. చూపులేనివారికి చదివి వినిపించువారి నిమిత్తము భత్యము వేరు. తొమ్మిది పది తరగతులవారికి కేంద్రప్రభుత్వపు విద్యార్థివేతనము కలదు. ఇంటి యాదాయము ఏటికి రెండున్నర లక్షలకు లోబడియుండవలెను. ఆపై తరగతులకును వేరు వేతనములున్నవి. మూడుచక్రముల బండ్లు, చంకకఱ్ఱలు, వినికిడియంత్రములు, బ్రెయిలీ పలకలు మొదలైనవానిని కాన్పూరునందలి ఆలిమ్‌కో సంస్థ తయారుచేయుచున్నది. 1981 నుండి నడచుచున్న అడిప్ పథకము క్రింద శిబిరములలో నివి యుచితముగా పంచుదురు. కొలత తీసికొనుట ఒకనాడు, వస్తువు నిచ్చుట మఱియొకనాడు. కొలతనాటికిని ఇచ్చునాటికిని నడుమ బిడ్డ పెరిగిపోయి బూటు పట్టకపోవుటయు కలదు. అట్లైనచో ఊరక తెచ్చుకొని అటకమీద పెట్టక, అచ్చటనే మార్పు కోరవలెను. వినికిడియంత్రపు బ్యాటరీ అయిపోయి పెట్టెలో దాచిపెట్టిన యిండ్లు మేము చూచితిమి.

2025 నుండి తల్లికి వందనము పథకమున బడికి పోవు ప్రతిబిడ్డకును ఏటికి 15000 ఏర్పరచి, అందు 13000 తల్లి ఖాతాలోనే వేయుచున్నారు. దానికి హాజరు నిబంధన కలదు. మధ్యాహ్నభోజనమునకు మన లంకలగన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు 2024లో పెట్టిరి. వచ్చినవా డెవడని యడుగక అన్నము పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు పెట్టుకొన్న పంక్తిలో, చేయి వణకి మెతుకులు చిందించు బిడ్డకును పీట వేయవలసియే యుండును గదా!

ఆటిజము, మస్తిష్కపక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువిధలోపములు గల వారికై 1999 నాటి జాతీయన్యాసము చట్టము వేరుగ నున్నది. దాని క్రింద నిరామయ యను ఆరోగ్యబీమా లక్షరూపాయలవఱకు వైద్యపు ఖర్చుల నిచ్చును. ఇంతకన్న ముఖ్యమైన దింకొకటి. బిడ్డకు 18 ఏండ్లు నిండగానే చట్టము దృష్టిలో తల్లి సంరక్షకురాలు కాదు. బుద్ధి యెదుగని బిడ్డ పేర పొలముగాని, బ్యాంకు ఖాతాగాని యున్నచో అప్పుడు చిక్కులు పుట్టును. కలెక్టరు అధ్యక్షతనుండు స్థానిక సంఘమునకు అర్జీ పెట్టి సంరక్షకత్వపు ఉత్తరువు పొందవలెను. "మేము పోయినపిదప వీని గతి యేమి?" యని రాత్రులు నిద్రలేక యుండు తల్లులు ఈ సంగతిని పదునెనిమిదవ యేటికి ముందే తెలిసికొనుట మేలు.

చికిత్సకును చదువునకును కూడ కాలమే ప్రధానము. పోలియోవలన కాళ్లు పోయిన పిల్లలు మన బాల్యమున ప్రతి వీథియందును ఉండెడివారు. 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజపోలియో వ్యాధి కనబడలేదు. 2014 మార్చిలో దేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడెను. ఒక లోపమును చుక్కమందుతో దేశమునుండి తరిమితిమి. తక్కినవానిని అట్లు తరుమలేము గాని ముందుగా కనిపెట్టవచ్చును. 2013లో వచ్చిన బాలస్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్వాడీలకు ఏటికి రెండుమాఱులును, బడులకు ఒకమాఱును వచ్చి చూడవలెను. ఆ దినమున "మా బిడ్డకేమి, బాగుగనే యున్నాడు" అని దాచిపెట్టవలదు. అయిదాఱు మాసములకును మెడ నిలుపని బిడ్డను, వెనుక చప్పట్లు కొట్టిన తలత్రిప్పని బిడ్డను, ఏడాదిన్నరకును ఒక్కమాటయు పలుకని బిడ్డను, కన్నులలో కన్ను పెట్టి చూడని బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను. "వాళ్ల నాన్నకును మాట ఆలస్యముగనే వచ్చినది" అను అత్తగారి యూరట మాట యిచ్చట పనికిరాదు.

వినికిడి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. వినబడినగాని మాట రాదు. మాట నేర్చు వయసు తొలి కొద్ది యేండ్లే. పుట్టుచెవుడు గల కొందఱు బిడ్డలకు చెవిలోపల నమర్చు కాక్లియర్ యంత్రమువలన వినికిడి కలుగును. దానికి ప్రభుత్వసాహాయ్యమును కలదు. కాని శస్త్రచికిత్స చేసినంతనే బిడ్డ మాటాడడు. తరువాత ఏండ్లతరబడి శబ్దము వినుటయు పలుకుటయు నేర్పవలెను. ఆ శిక్షణ మానుకొన్నచో అంతటి విలువైన యంత్రమును వ్యర్థము. యంత్రము పనికిరాని బిడ్డలకు సైగలభాష యున్నది. అది మూగసైగ కాదు, వ్యాకరణముగల పూర్ణమైన భాష. 2016 చట్టము దానిని విద్యాసాధనముగా గుర్తించినది. బాపట్లలో బధిరులకై ప్రభుత్వపు ఆవాసపాఠశాల కలదు. మేనరికముల వలన పుట్టుచెవుడు మొదలైన కొన్ని లోపములకు అవకాశము హెచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. ఆస్తి బయటికి పోరాదను తలంపుతో మేనమామకు పిల్లనిచ్చు కుటుంబము లింకను ఉన్నవి గనుక దీనిని వ్రాయక తప్పలేదు. ఐనను అట్టి పెండ్లి చేసికొన్న ప్రతి తల్లియు తన్ను తాను నిందించుకొన బనిలేదు. దగ్గఱి చుట్టరికము లేని యిండ్లలోను ఇట్టి బిడ్డలు పుట్టుచునే యున్నారు.

2011 జనాభా లెక్కలనుబట్టి దేశమున 5 మొదలు 19 ఏండ్లలోపు వికలాంగులలో నూటికి 61 మంది విద్యాలయములలో నుండిరి. 27 మంది బడిముఖమే చూడలేదు. ఆ యిరువదియేడుగురిలో నాడపిల్ల యున్నచో ఆమె కథ వేరు. మగబిడ్డను సైకిలుమీద కూర్చుండబెట్టుకొని తండ్రి తీసికొనిపోవును. ఆడబిడ్డ పెద్దమనిషి కాగానే బడి మానిపింతురు. బడిలో తగిన మఱుగుదొడ్డి లేదనియు, మాట చెప్పలేని పిల్లకు దారిలో నెవడేమి చేయునో యనియు తల్లి భయము. ఈ భయము నిజమైనదే, దీనిని మూఢత్వమని యెవరును కొట్టివేయరాదు. వెంట వచ్చువారికి భత్యము పెట్టుట ఇందులకే. ఊరిలో నొక నమ్మకమైన ముసలమ్మను ఆ పనికి కుదుర్చుకొన్న యిల్లొకటి మేము చూచితిమి. ఆ బాలిక పదవతరగతి వఱకు వచ్చినది.

ఉపాధ్యాయుల కొఱతయే యిప్పటి పెద్ద చిక్కు. అంధునికి బ్రెయిలీ, బధిరునికి సైగ, ఆటిజము గలవానికి వేఱొక పద్ధతి. ఇవన్నియు మండలమున నున్న ఒకరిద్దఱే నేర్పవలెనన్న నెట్లు? ప్రాథమికపాఠశాలలలో అట్టి పిల్లలు పదిమందికి నొక ప్రత్యేకోపాధ్యాయుడును, పై తరగతులలో పదునైదుగురికి నొకడును ఉండవలెనని సుప్రీముకోర్టు 2021లో చెప్పినది. 2025 మార్చిలో రాష్ట్రములన్నియు ఈ యుద్యోగములను ప్రకటింపవలెనని ఉత్తరు విచ్చినది. ఆ పిదప మన రాష్ట్రము 2260 ప్రత్యేకోపాధ్యాయుల ఉద్యోగములను మంజూరు చేసెను. మంజూరైన ఉద్యోగము మన యూరికి మనుష్యుడై వచ్చువఱకు అడుగుచునే యుండవలసినది బడి యాజమాన్య కమిటీలోని తల్లులే. ఆ కమిటీలో సగముమంది స్త్రీలుండవలెనని విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. వికలాంగశిశువు తల్లి యొకతె యందుండిన, ర్యాంపు కట్టు డబ్బు రంగులకు పోకుండును.

మచిలీపట్టణపు ప్రక్క సీతారామపురమున పుట్టుగ్రుడ్డియై జన్మించిన బొల్లా శ్రీకాంతు సంగతి చాలమంది వినియుందురు. పదవతరగతి పిదప శాస్త్రవిషయములు చదువుట కాతనికి అనుమతి దొరకలేదు. న్యాయస్థానమునకు పోయి సాధించుకొని చదివి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చేరెను. తిరిగి వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించి తనవంటివారికి పని కల్పించెను. 2024లో ఆతని జీవితము సినిమాగా కూడ వచ్చినది. కాని ప్రతి బిడ్డయు శ్రీకాంతు కావలెనని తల్లులమీద బరువు పెట్టుట మాకు సమ్మతము కాదు. కొబ్బరికాయలు లెక్కపెట్టి తండ్రికి చెప్పగలిగిన బిడ్డయు, బస్సు పేరు చదివి తానే యెక్కగలిగిన బిడ్డయు చదువుకొన్నవారే.

ఇంటిలో జరుగవలసినది కొంత కలదు. చింతగింజలు, గవ్వలు, వామనగుంటల పీట. వీనికన్న మంచి లెక్కల సామగ్రి బజారున దొరకదు. వ్రేళ్లకు బలమును వచ్చును, ఎంచుటయు వచ్చును. వినికిడి తక్కువైన బిడ్డతో ముఖాముఖి, వెలుతురులో కూర్చుండి మాటాడవలెను. పొయ్యివైపు తిరిగి కేకవేసిన ప్రయోజనము లేదు. చూపులేని బిడ్డకు వంటయింటిలోని వస్తువుల చోటు మార్చకుడు. అన్నము తినిపించుటకన్న తిననిచ్చుట కష్టము, కాలము పట్టును, చాప పాడగును. ఐనను తిననిండు. తక్కిన పిల్లలచేత కూడ "నీవు పెద్దవాడవు, నీవే యోర్చుకొనుము" అని యెల్లప్పుడు త్యాగము చేయింపరాదు, వారును పసివారే.

జూను మాసమున బడులు తెరచుటకు ముందే అంగన్వాడీ కార్యకర్తతోను, ప్రధానోపాధ్యాయునితోను మాటాడి, మండలములోని భవిత కేంద్రమెక్కడనో కనుగొనుడు. పని జరుగనిచో మండల విద్యాధికారికిని, అటుపైని అమలాపురములోని సమగ్ర శిక్ష కార్యాలయమునకును అర్జీ వ్రాయవచ్చును. అర్జీ యిచ్చినట్లు రసీదు పుచ్చుకొనవలెను. సదరము పత్రమునకు నాలుగైదు నకళ్లు తీయించి యుంచుకొనుడు. మూలపత్రమును ఏ కచేరిలోను విడువకుడు. వరదకాలమున ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినపుడు, పట్టా కాగితములతోపాటు దానినికూడ మైకాసంచిలో చుట్టి ముందుగా పైకెత్తుడు.